రాజుగారి వాన, పైడమ్మ మిరప కుండీలు

ఎర్రకోన రాజ్యంలో, వైశాఖ శుద్ధ ద్వాదశి నాడు అన్యాయం జరిగింది గాజులపేట పైడమ్మకి. చేసినవాడు సాక్షాత్తూ రాజు రణధీరుడు.

మూడేళ్ళు ఎండలు మాడ్చాక రాజు యాగం చేయించాడు. అకాలంలో వాన పడింది. ఇక చూడాలి ఆయన వాలకం! "ఇది నా వాన. దీనికి మొహం చాటేసి చూరు కింద దాక్కున్నది ఏదైనా సరే, కోట ముంగిట మూడు రోజులు తడవాల్సిందే" అని ఆజ్ఞ వేశాడు.

పైడమ్మకి ఉన్నవల్లా పన్నెండు మిరప కుండీలు. ఆ కాయలమ్ముకునే తింటుంది. పొద్దున ఎండకు పెట్టేది, మిట్టమధ్యాహ్నం గంప కప్పేది, మబ్బు పడితే చూరు కిందికి లాగేది. ద్వాదశి నాడు భటులొచ్చి కుండీలెత్తారు. బండిలో ఆరే పట్టాయి. మిగిలిన ఆరూ నిండు పూత మీదున్నాయి. మూడు రోజులు వానలో నానితే ఇక కాయన్నది చూడక్కర్లేదు.

మర్నాడు వాటికోసం భటుణ్ణీ బండినీ వెంటబెట్టుకుని రాజే స్వయంగా దిగాడు. పైడమ్మ ఆకాశం వంక చూసింది. మబ్బు నల్లగా ఉబ్బుతోంది.

"ఇస్తాను ప్రభూ. మా ఇంటి ముంగిట్లో నిలబడి, తమ బిరుదులన్నీ చదివి మరీ ఆజ్ఞ వినిపించండి. పేటంతా వింటుంది."

రాజు మీసం దువ్వాడు. ఆయనకు ముప్పైరెండు బిరుదులు. పందొమ్మిదోది నోట్లో ఉండగానే టపటపా వడగళ్ళు! ఒకటి నెత్తిన పడిందో లేదో, రాజు ఒక్క గెంతులో చూరు కింద, కుండీల పక్కన తేలాడు.

"ఏం నాయనా, గుడ్లప్పగించి చూస్తావేం?" పైడమ్మ భటుడి మీద విరుచుకుపడింది. "చూరు కింద దాక్కున్నది కళ్ళెదుటే ఉంది. ఎత్తు బండిలోకి!"

భటుడు, పాపం, రెండడుగులు వేశాడు కూడా.

"ఆగరా! నేను రాజుని!"

"ఏదైనా సరే అన్నారు తమరు. రాజు తప్ప అనలేదే!"

"బొప్పి కట్టిందే తల్లీ!"

"తలపాగా ఉన్న తమకే బొప్పి కడితే, గోరంత పూత ఏమైపోవాలి? తమరి వానే కదా, కాస్త మెల్లగా పడమని చెప్పండి మరి."

రాజు బొప్పి తడుముకున్నాడు. తరవాత కడుపు పట్టుకుని నవ్వాడు. అక్కడికక్కడే ఆజ్ఞ రద్దు చేసి, ఆరు కుండీలూ తిరిగిప్పించి, పైన పట్టుచీర పెట్టాడు. అంతటితో ఊరుకోలేదు. మబ్బు పట్టినప్పుడల్లా కోట నుంచి ఇద్దరు వచ్చి పైడమ్మ మిరప మొక్కలకు గొడుగు పట్టాలన్నాడు. ఎన్నాళ్ళు పట్టాలో కోట దస్త్రంలో రాసే ఉంది: ఆ పూత కాయై పైడమ్మ చేతికొచ్చే ఆషాఢ శుద్ధ దశమి, గురువారం వరకు.