తిరగేసి పట్టుకున్న లెన్సు

"పోగు తెగిందీ...! కుంచె ఎత్తండ్రో!"

వీధి ఆ చివర గంజి బకెట్ల దగ్గర నించున్న సూరయ్య వేసిన కేక అది. నేతపేటలో ఆ కేక వినపడితే చాలు, ఎక్కడి మనిషి అక్కడ ఆగిపోవాల్సిందే. నలభై గజాల పొడుగున, నడుం ఎత్తున, వీధి నిండా సాగదీసి కట్టిన, మగ్గానికెక్కాల్సిన నిలువు దారాల పడుగు. దాని మీద గంజి కుంచె లాక్కొస్తున్న నలుగురూ కుంచెని గాల్లోకి లేపి బొమ్మల్లా నిలబడ్డారు. అరుగు మీద పళ్లు తోముకుంటున్న పెద్దాయన ఉమ్మడం కూడా మానేశాడు. సైకిలు మీద వస్తున్న పాలాయన కాలు కింద పెట్టేశాడు.

పడుగు మధ్యలో, నడుం దాకా దారాల్లోకి దూసుకుపోయి, కంటికి కెమెరా ఆనించుకుని నించున్నవాడు పరాంకుశం.

తమాషా ఏమిటంటే, వాడికి ఇంకా తెలియనే లేదు! కెమెరాలోంచి చూస్తే పడుగు మూడు బారల అవతల ఉంది మరి. వైడు లెన్సు గుణమే అది. ఎదురుగా ఉన్నదాన్నంతా పట్టేస్తుంది గానీ, ముక్కు ముందున్నదాన్ని కూడా పొరుగూరిలో ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని కంటికి పెట్టుకుని నడిచేవాడు గోడకి గుద్దుకున్నాక గానీ గోడ ఉందని ఒప్పుకోడు.

అసలు వాడు రెండు లెన్సులు మోసుకుని ఆ వీధికి ఎందుకొచ్చాడంటే, దానికో కథ ఉంది.

రైలు గేటు పక్కన స్టూడియో నడిపే కాశిం మాస్టారి శిష్యుడు పరాంకుశం. మాస్టారికి డెబ్భై దాటాయి. రెండు కళ్లలోనూ శుక్లాలు. నెల కిందట బీరువాలోంచి రెండు లెన్సులు తీసి బల్ల మీద పెట్టారు. ఒకటి పొట్టిది, ఇరవై నాలుగు నంబరు వైడు. అంచుల్లో నల్లరంగు పోయి లోపలి ఇత్తడి కనిపిస్తోంది. ముందుకీ జరగదు, వెనక్కీ జరగదు. రెండోది పొడుగు జూము. వీధి చివర నించుని తిప్పితే ఇంకో చివరనున్న మనిషి ముక్కుపుడక కనపడుతుంది.

"ఒకటి నీకు, ఒకటి మా మనవరాలికి. ముందు నువ్వే తీసుకో బేటా. తీసుకున్నాక మళ్లీ మార్చేది లేదు" అన్నారు మాస్టారు.

పరాంకుశానికి ఆ నెలంతా నిద్ర లేదు. జూము చూస్తే జూము కావాలనిపిస్తుంది. అయితే మాస్టారు జీవితమంతా తీసిన మంచి బొమ్మలన్నీ ఆ పొట్టి దానితోనే తీశారాయె! చివరికి ఉండబట్టలేక అడిగేశాడు.

"మాస్టారూ, రెంటిలో ఏది గొప్పది?"

మాస్టారు టీ సాసర్లో పోసుకుని, చల్లార్చుకుని, నిదానంగా తాగారు. "మీ వీధిలో పడుగు సాగదీసే రోజులు కదా. రెండూ పట్టుకుపోదాం పద. నిన్నటికి అది, రేపటికి ఇది" అన్నారు. నిన్న, రేపు ఆయనకి ఎప్పుడూ కలిసిపోతూ ఉంటాయి, ఆయన ఉర్దూలో రెంటికీ ఒకటే మాట మరి.

"మీ వీధి" అన్న మాట మటుకు పరాంకుశం గుండెల్లో గుచ్చుకుంది. వాడు పుట్టింది ఆ వీధిలోనే. నాలుగేళ్ల కిందట నాన్న పోయాక, ఆయన మగ్గం అమ్మేసి కెమెరా కొన్నాడు. ఆ రోజు నుంచి మేనత్త నాంచారమ్మ వాడితో మాట్లాడలేదు. పేటలో ఇంకో కట్టుబాటు కూడా ఉంది. పడుగు పనయ్యాక ఆ ఇంటివాళ్లు వీధికంతా అన్నం పెడతారు. పడుగు మీద చెయ్యి వేసినవాడికే బంతిలో ఆకు. పండుగకి వచ్చిన అల్లుడైనా సరే, ఒక పోగు సవరించి రావాల్సిందే. పరాంకుశం ఫోటోలకని ఎన్నిసార్లు వచ్చాడో! ఆకులు వేసే వేళకి ఏదో పని ఉన్నట్టు బోరింగు దగ్గరికి పోయి, సంచీలో లేని వస్తువు వెతుక్కుంటూ కూర్చునేవాడు. ఎవరూ పిలిచేవారు కాదు.

మొదటి రోజు జూము. బోరింగు పక్కన నించుని రెండు వందల బొమ్మలు తీశాడు. ఒక్కరు కూడా వాడి వైపు చూడలేదు. వాడికి అదే హాయిగా ఉంది. కానీ నాంచారమ్మ చూసింది. వాడితో మాట్లాడదుగా, అరుగు మీదున్న మాస్టార్ని అడిగింది, వాడికి వినపడేటట్టే.

"కాశిమన్నా, ఆ గొట్టం దేనికి అంత పొడుగు?"

"దూరంగా ఉన్నోళ్లని దగ్గరికి తెచ్చుద్దమ్మా."

"ఆహా. ఇంతకీ దూరంగా ఉన్నదెవరంట?"

పరాంకుశం జూము మూత పెట్టేశాడు.

రెండో రోజు, అంటే ఇవాళ, వైడు. పడుగు నాంచారమ్మ ఇంటిదే, ఆరు చీరల పడుగు. దానితో దగ్గరికి పోకపోతే బొమ్మ లేదు. అందుకని ఒక్కో అడుగూ వేస్తూ, ఇంకా దూరమే ఉందిలే, ఇంకా దూరమే ఉందిలే అనుకుంటూ పోయి పోయి, దారాల్లో దిగబడ్డాడు.

నాంచారమ్మ చీర కొంగు దోపుకుని వచ్చింది. వీధంతా ఊపిరి బిగబట్టింది.

"ఎన్ని పోయినై?" అంది, బకెట్లు వదిలి వచ్చిన సూరయ్యతో.

"ఇరవై పైనే అక్కా. ఎండ చూస్తే గడప దాకా వచ్చేసింది. గంజి ఆరిందంటే పోగు పోగుకి అతుక్కుపోద్ది. ఇంకేముంది, పడుగు పడుగంతా పారెయ్యటమే."

"అత్తా... కనపళ్లేదు" అన్నాడు పరాంకుశం.

నాలుగేళ్ల తర్వాత నాంచారమ్మ వాడి మొహంలోకి చూసి మాట్లాడింది. "అంత లావు కళ్లజోడు పెట్టుకుని కూడా కనపళ్లేదా నాయనా?"

కుంచె పట్టుకున్నవాళ్లలో ఒకడు కిసుక్కున నవ్వి, మళ్లీ నోరు మూసుకున్నాడు.

"తెంపినోడే అతకాలి. ఊఁ, కానీ" అంది.

పరాంకుశం వంగాడు. సన్న నూలు, తెల్లటి తెలుపు. తెలుపు మీద తెలుపు, పైన తడి గంజి. తెగిన కొసలు పక్క పోగుల మీద అంటుకుపోయి, ఏది తెగిందో ఏది తెగలేదో తెలియడం లేదు. ఒక కొస దొరికితే రెండో కొస దొరకదు. నీడ అరుగు కిందికి జారిపోతోంది.

అప్పుడు కాశిం మాస్టారు చేతికర్ర ఊతంగా అరుగు దిగారు. తడుముకుంటూ వచ్చి, శిష్యుడి మెడలోంచి కెమెరా తీశారు. లెన్సు మీద చెయ్యి వేసి ఒక్క తిప్పు తిప్పారు. టక్కుమని ఊడొచ్చింది.

పరాంకుశం నోరు తెరిచాడు. ఆ లెన్సు మీద దుమ్ము పడితే మాస్టారికి ఆ పూట అన్నం సయించదు. అలాంటిది, నడివీధిలో, గంజి చిందుతున్న చోట, మూత కూడా లేకుండా! మాస్టారు దాన్ని తిరగేసి, వెనక వైపు దారాల మీదికి దించి, ముందు వైపు శిష్యుడి కంటికి ఆనించారు.

"చూడు."

పరాంకుశం చూశాడు.

పోగులు కావవి. ఓడల్ని కట్టే మోకులు! ఒక్కో మోకులో సన్నటి నూగు మెలికలు తిరిగి, మెలిక మెలికకీ వెలుగు పట్టి మెరుస్తోంది. వాడు పుట్టినప్పటి నుంచి చూస్తున్న నూలే అది. కానీ ఎప్పుడూ చూడలేదు. ఒక పోగుకి పల్చటి గంజిబొట్టు వేలాడుతోంది. అందులో వీధి మొత్తం తలకిందులుగా ఉంది. రెండు వైపులా ఇళ్లు, మధ్యలో ఆకాశం, కుంచె ఎత్తి నిలబడ్డ నలుగురు మనుషులు, సైకిలు, పాలాయన. నలభై గజాల వీధి ఆవగింజంత బొట్టులో, ఎవర్నీ వదలకుండా.

అంతలో ఆ వెలుగులోకి ఒక కొండలాంటిది నెమ్మదిగా జరిగి వచ్చింది. వేలికొస. దాని మీద అడ్డంగా లోతైన గాడి. యాభై ఏళ్లు పోగు ఒరుసుకుని ఒరుసుకుని పడిన గాడి. నూలు అందులో తన ఇంట్లో కూర్చున్నట్టు కూర్చుంది. నాన్న వేలికి కూడా సరిగ్గా అక్కడే ఉండేది. నిన్న రెండు వందల బొమ్మల్లో అత్త మొహం వచ్చింది, ముక్కుపుడక వచ్చింది. ఇది రాలేదు.

"ఈ కొస నేను పట్టుకున్నా, ఆ కొస నువ్వు పట్టు" అంటోంది ఆ వేలి పైనుంచి నాంచారమ్మ గొంతు.

వాడు పట్టుకున్నాడు. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రెండు కొసలూ పెట్టి, చిన్నప్పుడు నాన్న నేర్పినట్టు ఒక్క పురి తిప్పాడు. అతుక్కుంది. చేతులు ఏమీ మర్చిపోలేదు!

"ఒకటీ..." అని అరిచాడు సూరయ్య వీధికంతా వినపడేలాగ.

మాస్టారు లెన్సుని పోగు నుంచి పోగుకి జరుపుతున్నారు. ఆయనకి కనపడదు. పక్కన అత్త "కొంచెం ఇటు అన్నా, ఇంకొంచెం" అని చెబుతుంటే జరుపుతున్నారు. ఇత్తడి అంచు మీద గంజి కారి చారలు కడుతోంది. ఆయన తుడవలేదు. రెండు, మూడు... పది... ఎండ పడుగు అంచుని తాకే వేళకి ఇరవై మూడు.

"కుంచె దించండ్రో!" అని కేక పడింది. నలుగురూ ఒక్కసారిగా కదిలారు. పాలాయన సైకిలెక్కాడు. అరుగు మీది పెద్దాయన హమ్మయ్య అని ఉమ్మేశాడు.

పనంతా అయ్యేసరికి పది దాటింది. ఇళ్ల నీడన, వీధి పొడుగునా విస్తళ్లు పరిచారు. ముద్దపప్పు, గోంగూర, పొగలు కక్కుతున్న అన్నం. పరాంకుశం అలవాటు కొద్దీ సంచీ భుజాన వేసుకుని బోరింగు వైపు నడిచాడు.

"ఏవయ్యా ఫోటోల బాబూ!" అని వెనకనుంచి నాంచారమ్మ. "ఆ ఆకు మీద నీళ్లు చల్లి పెట్టింది ఎవరి కోసమనుకున్నావు, గేటు కాడి మేకల కోసమా?"

సూరయ్యకీ మాస్టారికీ మధ్య ఒక ఆకు ఖాళీగా ఉంది.

పరాంకుశం వచ్చి కూర్చున్నాడు. తల ఎత్తలేదు. మాస్టారు రెండు లెన్సులూ తెచ్చి వాడి ఆకుకి అటొకటి, ఇటొకటి పెట్టారు. ఆపైన కెమెరా వాడి ఒళ్లో పెట్టారు.

వాడు ముందు జూము తగిలించి చూశాడు. సూరయ్య మీసం, మీసంలో ఒక పప్పు బద్ద. అంతే, ఇంకేం పట్టలేదు.

గంజి చారలు తుడిచి, పొట్టి లెన్సు తగిలించి చూశాడు. ఈ చివర మాస్టారి గడ్డం నుంచి ఆ చివర కుంచె పట్టిన కుర్రాళ్ల దాకా బంతి అంతా వచ్చింది. అన్నం మీది ఆవిరి వచ్చింది. గరిటె పట్టుకుని నించున్న అత్త వచ్చింది. కింద, బొమ్మ అడుగు అంచున, ఒక మోకాలూ సగం ఆకూ కూడా వచ్చాయి. ఎవరివా అని చూస్తే తనవే.

తర్వాత కెమెరా దించాడు.

"అత్తా, నువ్వూ కూర్చో."

"మీరంతా తిన్నాక తింటాలే."

"నువ్వు కూర్చుంటేనే తింటాను."

"అబ్బో, వచ్చాడండీ పెద్దమనిషి" అని గొణిగింది గానీ, గరిటె సూరయ్య పెళ్లాం చేతికిచ్చి, ఎదురుగా ఆకు వేసుకుని కూర్చుంది. అప్పుడు పరాంకుశం అన్నంలో చెయ్యి పెట్టాడు.

మాస్టారు శుక్లాల కళ్లు వాడి వైపు తిప్పారు. "బొమ్మ తీశావా బేటా?"

"లేదు మాస్టారూ."

"ఏం?"

"చెయ్యి ఎంగిలైంది."

మాస్టారు ఎడమ చేత్తో తడిమి జూము అందుకుని, మనవరాలికని మెల్లిగా తన సంచీలో పెట్టుకున్నారు.

"అమ్మా, పప్పు ఇటు కొంచెం" అన్నారు.