పాదుకలుండే చోటు

ఆ మాట విన్నప్పటి నుంచి ఓబులేసుకు కుదురు లేదు.

జపానికి కూర్చుంటే కళ్ళ ముందు రోడ్లు. పడుకుంటే చెవుల్లో ఇంజను మోత. అన్నం సగంలో వదిలి గొడ్లపాకలోకి పోయి, పాత టార్పాలిను కింద ఉన్న తన మోటారుసైకిలును ఒకసారి తడిమి వచ్చేవాడు.

"దాన్నెవరూ ఎత్తుకపోరులేరా, కూర్చుని తిను," అనేది మఠంలో వంట చేసే నరసక్క.

విషయం ఏమిటంటే, నర్మద ఒడ్డున వాళ్ళ సంప్రదాయం వారు కొత్త మఠం కట్టారు. ఆ సంప్రదాయంలో విగ్రహాలు లేవు, పటాలు లేవు. పూజంతా మూలగురువు రాతి పాదుకలకే. నల్లమల అంచున ఉన్న ఈ పాత మఠంలో అవి రెండు జతలు ఉన్నాయి. మూడో జత ఎక్కడా లేదు. ఒక జతను నర్మదకు చేర్చాలి. ఒక్క శిష్యుడే తీసుకుపోవాలి. దారిలో పీట మీద పెట్టవచ్చు, బల్ల మీద పెట్టవచ్చు, నేలకు మాత్రం ఆనించగూడదు. వెనకటి వాళ్ళు కాలినడకన పోయేవారు, తర్వాతి వాళ్ళు గుర్రం మీద పోయేవారు. ఈసారి మఠం పెద్ద సుంకన్న తాత, "ఓబులేసు పోతాడు, వాని బండి మీద," అన్నాడు.

అని ఊరుకోలేదు. "మూటలు కట్టుకోరా. నేను చూసినాక పొమ్మంటే పో. పొమ్మనకపోతే చౌడయ్య రైల్లో తీసుకపోతాడు," అని కూడా అన్నాడు.

చౌడయ్య నెమ్మదైన మనిషి, ఓబులేసు కంటే ముందు వచ్చినవాడు. ఆ పేరు వినగానే ఓబులేసుకు ఒంట్లో చీమలు పాకినట్లయింది.

మఠానికి రాకముందు ఓబులేసు ఆ బండి మీద దేశమంతా తిరిగాడు. మంచుకొండలు ఎక్కాడు, ఉప్పు ఎడారి దాటాడు. సామాను ఎట్లా కట్టాలో అతనికి ఒకరు చెప్పే పని లేదు. బరువు కిందికి, నడిమికి రావాలి. రెండు పక్కలా సమంగా ఉండాలి. తేలికవి పైన పెట్టాలి. ఇవన్నీ అతనే ఎందరికో చెప్పినవాడు. తెలియక చేసిన తప్పుకు మందు ఉంది. తెలిసీ చేసిన తప్పుకు దెబ్బ ఒక్కటే మందు.

బయలుదేరే రోజు తెల్లవారకముందే లేచాడు. బండికి రెండు పక్కలా సంచులు తగిలించాడు. వాటి అడుగున కంబళ్ళు, పంచెలు, అటుకులు కుక్కాడు. వెనక క్యారియర్ మీద బియ్యం మూట వేశాడు. దాని మీద వంట సామాను. అన్నిటికంటే పైన పాదుకలున్న వేపచెక్క పెట్టె. గురువు తన నడుముకు కిందుగా ఉండగూడదని అతని పట్టుదల. కాషాయ గుడ్డ చుట్టి, బంతిపూల దండ వేసి, తాళ్ళతో అటూ ఇటూ బిగించాడు. పెట్టె అతని మెడ దాకా వచ్చింది.

మఠంలో వాళ్ళంతా వచ్చి చేతులు జోడించారు. వాళ్ళు మొక్కింది పెట్టెకు. బండి ముందు నిలబడిన ఓబులేసుకు మాత్రం ఛాతీ కొంచెం ముందుకు వచ్చింది.

నరసక్క బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "ఏందిరా ఇది, పీర్ల పండగలో పీరును ఎత్తినట్టు ఎత్తినావు! గుండం దూకేదానికి పోతాండావా ఏమి?"

"నీకు తెలీదులే అక్కా. గురువు స్థానం పైననే."

"నాకు తెలీదులే. పడితే మాత్రం పైనుంచే పడతావు."

సుంకన్న తాత కర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు. బండి చుట్టూ తిరిగాడు. పెట్టె వైపు చూశాడు. కాషాయ గుడ్డ కొస ఒకటి వెనక చక్రం పక్కన వేలాడుతుంటే వంగి దాన్ని తాడు కిందికి దోపాడు.

"చక్రానికి ఆకలి ఎక్కువ నాయనా. అందింది అందినట్టు తింటాది."

"పొద్దెక్కుతాంది తాతా. పోయొస్తా."

"వాగు కాడికి పోయిరా ముందు."

ఓబులేసు పళ్ళు కొరుక్కుని బండి తీశాడు. ఎదర బయలు కనిపించగానే ప్రాణం లేచి వచ్చింది. రెండో మలుపు దాకా బాగానే ఉంది. మలుపులో బండి వంచబోతే, వెనక ఎవరో కూర్చుని భుజం పట్టి అవతలికి లాగినట్లయింది. హ్యాండిలు చేతుల్లో తేలిపోయింది. ముందు చక్రం నేలను మరిచిపోయినట్టు అటూ ఇటూ ఊగింది. ఎడమ కాలు నేలకు ఆనించి ఈడ్చుకుంటూ ఎట్లాగో నిలబెట్టాడు. వాగు దాకా పోకుండానే వెనక్కి తిప్పాడు.

"ఎట్లుంది?" అన్నాడు తాత.

"బాగుంది తాతా."

తాత అతని ఎడమ కాలి వైపు చూశాడు. చెప్పు వారు తెగి వేలాడుతోంది. బొటనవేలు దోక్కుపోయి నెత్తురు వచ్చింది.

"చెప్పు మార్చుకో," అన్నాడు తాత. "మూటలు విప్పి మళ్ళా కట్టు."

ఓబులేసుకు ఒళ్ళు మండింది. ఆ మంట తాత మీద చూపలేక తాళ్ళ మీద చూపాడు. విప్పినవాడు పెట్టెను కిందికి దించవచ్చు గదా, దించలేదు. నలుగురి ముందు ఎత్తిన దాన్ని నలుగురి ముందు దించడం అతనికి చావుతో సమానమైంది. ఇంకో రెండు తాళ్ళు తెచ్చి, కాలు ఆనించి లాగి, పెట్టెను అక్కడే ఇంకా గట్టిగా బిగించాడు.

చౌడయ్య అరుగు మీద కూర్చుని కూరగాయలు తరుగుతున్నాడు. తల ఎత్తి చూసి, మళ్ళీ దించుకున్నాడు. ఆ చూపు ఓబులేసుకు ముల్లులా గుచ్చుకుంది.

"ఈసారి వాగు దాకా పోయే వస్తా తాతా."

"నేనూ నడిచి వస్తాలే వెనకాల," అన్నాడు తాత.

మలుపు నెమ్మదిగా దాటాడు. ఇక భయం లేదనుకున్నాడు. వాగు దగ్గర రోడ్డు మీద కంకర పరిచి ఉంది. అక్కడ ముందు చక్రం పక్కకు జారింది, అంతే. కాలు ఆనించాడు గాని, అంత ఎత్తున ఉన్న బరువు ఒరగడం మొదలుపెడితే కాలు ఆపుతుందా? బండి ఎడమకు వాలిపోయింది. పెట్టె తాళ్ళలోంచి జారి కంకర మీదికి వస్తుంటే ఓబులేసు ఒళ్ళు అడ్డం వేశాడు. పెట్టె తొడ మీద పడింది. అబ్బా అని అరిచాడు గాని చేతులు మాత్రం వదలలేదు.

గబగబా మూత తెరిచి చూశాడు. రాతి మీద గీత కూడా పడలేదు.

పెట్టెను రెండు చేతులతో ఎత్తుకుని, కుంటుతూ లేచి నిలబడ్డాడు. బండి పడి ఉంది. ట్యాంకులోంచి పెట్రోలు బొట్లు బొట్లుగా కారుతోంది. బండి ఎత్తాలంటే చేతులు కావాలి. చేతుల్లో పెట్టె ఉంది. పెట్టె దించాలంటే పీట లేదు, బల్ల లేదు, చెట్టు కొమ్మ కూడా లేదు. చుట్టూ నేల తప్ప ఏమీ లేదు. పెట్రోలు కారుతూనే ఉంది. అటు నాలుగడుగులు వేశాడు, ఇటు నాలుగడుగులు వేశాడు. పెట్టెను నెత్తి మీదికి ఎత్తుకున్నాడు, భుజం మీదికి మార్చాడు, మళ్ళీ పొట్టకు ఆనించుకున్నాడు. ఎండ నడినెత్తికి వస్తోంది.

మలుపులో తాత కనబడ్డాడు. కర్ర పోటు వేసుకుంటూ, ఏమీ తొందర లేనట్టు వస్తున్నాడు.

"తాతా, రాండి! పెట్రోలంతా పోతాంది! దీన్ని కొంచెం పట్టుకోండి!"

తాత వచ్చి కర్రను పక్కన పడేసి రెండు చేతులూ చాపాడు. ఓబులేసు పెట్టె అందించాడు. తాత దాన్ని అందుకుని, వంగి, రోడ్డు పక్కన దుమ్ములో పెట్టాడు.

ఓబులేసు కొయ్యబారిపోయాడు. "తాతా! నేలకు ఆనించగూడదు గదా!"

"బండి ఎత్తు ముందు."

ఇద్దరూ కలిసి మూటలు విప్పి, బండి ఎత్తి నిలబెట్టారు. పెట్రోలు కారడం ఆగింది. ఓబులేసు కళ్ళు మాత్రం దుమ్ములో ఉన్న పెట్టె మీదే ఉన్నాయి.

తాత దాని పక్కనే నేల మీద చతికిలబడ్డాడు. మూత తీసి, పాదుకలు రెండూ బయటికి తీసి, వాటినీ దుమ్ములోనే పక్కపక్కన పెట్టాడు. ఎవరో ఇప్పుడే విడిచిపోయినట్టున్నాయి.

"ఈయన నడిచి నడిచి ఈడికి వచ్చినాడంట. దేని మీద నడిచినాడో నీకేమన్నా తెలుసునా?"



తాత పక్క సంచులు రెండూ దగ్గరికి లాక్కుని కంబళ్ళు, పంచెలు బయటపడేశాడు. కుడి పాదుకను ఒక పంచెలో చుట్టి కుడి సంచి అడుగున పెట్టాడు. ఎడమ పాదుకను ఇంకో పంచెలో చుట్టి ఎడమ సంచి అడుగున పెట్టాడు. కదలకుండా చుట్టూ బియ్యాన్ని చిన్న చిన్న మూటలు చేసి సర్దాడు. రెండు సంచులూ రెండు చేతులతో ఎత్తి చూసుకుని, "తగిలించు," అన్నాడు.

ఓబులేసు తగిలించాడు. సంచులు కాళ్ళు పెట్టే చోటుకు వెనకగా, చక్రానికి అటూ ఇటూ దిగాయి. కంబళ్ళు, ఖాళీ పెట్టె, అటుకులు క్యారియర్ మీదికి వచ్చాయి. ఆ మూట ఇప్పుడు అతని నడుము దాటలేదు. చేతులు పని చేస్తున్నాయి గాని మనసు ఒప్పుకోవడం లేదు.

"కాళ్ళ కాడనా తాతా?" అన్నాడు చివరికి.

"పాదుకలు ఇంక యాడుంటాయిరా?"

ఓబులేసు బండి ఎక్కాడు. కంకర మీదికి పోనిచ్చాడు. వాగు అవతలి దాకా పోయి, మలుపు తిరిగి, తిరిగి వచ్చాడు. బండి అతని కింద నేలను పట్టుకుని పరుగెత్తింది. ఎవరూ వెనక నుంచి లాగలేదు.

"ఎట్లుంది?" అన్నాడు తాత.

ఓబులేసు బండి దిగాడు. "ఇందాక బాగలేదు తాతా," అన్నాడు.

తాత కర్ర అందుకుని లేచాడు. "పో మరి. కొంచెం దూరం పోయినాక ఆగి తాళ్ళు చూసుకో. కట్టినప్పుడు బిగువుగా ఉన్నాయని నమ్మబాక. మూట సర్దుకునేకొద్దీ తాడు వదులైతాది."

"అట్లనే తాతా."

"ఆగినప్పుడల్లా చూసుకో."

నరసక్కకు చెప్పిపోవడానికైనా ఓబులేసు మఠం వైపు తిరగలేదు. తిరిగితే నలుగురూ చూస్తారు. ఆ నలుగురూ ఇప్పుడు అక్కర్లేదనిపించింది. తాత కాళ్ళకు మొక్కి బయలుదేరాడు.

కొండదారి దిగాక రోడ్డు తిన్నగా సాగింది. ముందు ఆకాశం, పొలాలు, దూరాన నీలంగా కొండలు. పాత తహతహ మళ్ళీ లేచింది. చెయ్యి తనంతట తానే యాక్సిలరేటర్ తిప్పబోయింది. ఆగడమెందుకు, ఇంకాస్త పోయాక చూద్దాం, బాగానే ఉంది గదా అనిపించింది. బాగుంది అని పొద్దున తాతతో అన్నదీ ఈ నోరే అని గుర్తొచ్చింది.

బండి పక్కకు తీసి ఆపాడు.

పై మూట తాడు నిజంగానే వదులైంది. దాన్ని బిగించాడు. పక్క సంచి పట్టీ కూడా కొంచెం వదులైంది. అది కింద ఉంది. నిలబడి చూస్తే అందలేదు, వంగితే చాల్లేదు. రోడ్డు పక్క దుమ్ములో మోకాళ్ళ మీద కూర్చుంటే అందింది.

పట్టీ బిగించి, లేచి, అవతలి పక్కకు పోయి, అక్కడా మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

లారీ ఒకటి హారన్ కొట్టుకుంటూ దుమ్ము లేపి పోయింది. దుమ్ము అణిగేదాకా ఓబులేసు లేవలేదు. నర్మద ఇంకా చాలా దూరం ఉంది. ఆగవలసిన చోట్లు చాలా ఉన్నాయి.