రంగి అడిగిన ఒక్క దోసెడు తగ్గింపు

పిల్లలూ, ఒక్క మాట చెప్పండి. ఇల్లు గట్టిగా కట్టుకున్నవాళ్లకీ, ఎలాగోలా కట్టి వదిలేసినవాళ్లకీ ఒకటే చందా వేస్తే, ఇక గట్టిగా ఎవరు కడతారు?

అనగనగా సముద్రం పక్కన ఒక సరుగుడు అడవిలో నలభై గూళ్లవాళ్లు కలిసి ఒక గింజల గాదె పెట్టుకున్నారు. ఏటా వానలకు ముందు గూటికి మూడు దోసిళ్ల గింజలు చందా వేయాలి. తుఫానుకు గూడు కూలితే, మళ్లీ కట్టుకునేదాకా తినడానికి గాదె నుంచి పది దోసిళ్లు ఇస్తారు. గాదెకు పెద్ద, తాబేలు తాత.

రంగి అనే ఉడుతకు ముగ్గురు పిల్లలు. ఆ ఏడు తాటినారతో గూటిని కొమ్మకు బిగించి కట్టడం మొదలుపెట్టింది. పని సగమైంది. చందాకు రెండు దోసిళ్లే పోగయ్యాయి. తాత దగ్గరికి వెళ్లింది.

"తాతా, కట్టు పూర్తయితే నా గూడు కూలదు. గాదెకు ఖర్చే ఉండదు. ఒక్క దోసెడు తగ్గించు, ఈ నాలుగు రోజుల్లో పూర్తి చేసుకుంటాను."

"అందరికీ ఒకటే చందా. అదే న్యాయం," అన్నాడు తాత.

"పోనీ, వచ్చి నార లాగి చూడు!"

"అలా చూసే ఆనవాయితీ లేదమ్మా."

"ఆనవాయితీ గాలిని ఆపుతుందా తాతా? నీకేం, నీ ఇల్లు నీ వీపు మీదే ఉంది!"

తాత తల లోపలికి లాక్కున్నాడు. అయిపోయింది చర్చ!

పక్క కొమ్మ మీది కాకి నవ్వింది. "కూలితే పది దోసిళ్లొస్తాయి కదా వదినా! నార లాగి చేతులు కోసుకోవడం దేనికి?"

"పది దోసిళ్లకు పిల్లలొస్తారా?" మండిపడింది రంగి.

కానీ ఏం చేస్తుంది? కట్టు ఆపి గింజలకు పోయింది. మూడో దోసెడు గాదెలో పోసిన మర్నాడే తుఫాను. సగమే బిగించిన గూడు ఒరిగి కూలింది. చిన్నపిల్ల జారిపడి కాలు విరిగింది.

గట్టిగా కట్టుకున్నవాళ్లే లేక, నలభై గూళ్లూ కూలాయి. పన్నెండు కుటుంబాలకు ఇచ్చేసరికి గాదె ఖాళీ. వరసలో రంగి పదమూడోది.

"అయిపోయాయమ్మా," నసిగాడు తాత.

"ఒక్క దోసెడు వదులుకోలేక గాదె మొత్తం ఊడ్చుకున్నావు! ఇదిగో, నా పిల్ల కాలు చూసి చెప్పు తాతా, ఏది న్యాయం?"



మరుసటి ఏడు తాత ప్రతి చెట్టు కిందికీ వెళ్లి, గూటి నుంచి వేలాడే నారను నోటితో లాగి చూశాడు. కదలని గూటికి రెండు దోసిళ్లే చందా. అంతే! కాకి కూడా తాటినార కోసం తగువులాడింది. ఆ తుఫానుకు కూలినవి రెండే గూళ్లు.

ఈ బుద్ధి ముందే ఉంటే ఎంత బాగుండేది! రంగి చిన్నపిల్ల ఇప్పటికీ కుంటుతూనే ఉంది.

నీతి: గట్టిగా కట్టినవారికి భారం తగ్గిస్తేనే అందరూ గట్టిగా కడతారు. మీ ఇళ్లకు బీమా చేసే పెద్దల్ని ఈ తగ్గింపు అడగండి, గాలి లేచాక కాదు, ఇవాళే అడగండి!