మూల కుట్టని బొంత

అనగనగా ఒక రాజు. ఆ రాజుగారి చిన్నకొడుకు మేఘపాలుడు ఇల్లు విడిచి బయలుదేరిన రోజున అతని దగ్గర ఉన్నవి మూడే: ఒక బొంత, ఒక సూది, మూడు బారల దారం.

ఎందుకు బయలుదేరాడంటారా? ఏడు సముద్రాల అవతల కరకంఠుడనే మాంత్రికుడు ఉండేవాడు. ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా వాడికి చలే, నిద్ర పట్టదు. పక్కదేశపు రాజకుమారి చెంగల్వ బొంతలు బాగా కుడుతుందని విని ఎత్తుకుపోయాడు. ఆమె కుట్టినవీ పనిచేయలేదు. తనను నిద్రపుచ్చే బొంత తెచ్చినవాడికి ఆమెను ఇచ్చేస్తానని, అది నిద్రపుచ్చకపోతే తెచ్చినవాణ్ణి రాయిగా మార్చేస్తానని చాటించాడు. పెద్దన్న కొత్త పట్టుతో కుట్టించి పట్టుకెళ్ళాడు, రాయయ్యాడు. రెండో అన్న జరీతో కుట్టించి పట్టుకెళ్ళాడు, రాయయ్యాడు.

అన్నల్ని తీసుకొస్తానని మేఘపాలుడు చెబితే, నాయనమ్మ తను కుడుతున్న బొంత అతని చేతికిచ్చింది. అందులో తాతగారి పంచె ఉంది, అమ్మ చీర ఉంది, అన్నలు పాకేనాటి చొక్కాలు ఉన్నాయి. మూడు మూలలు కుట్టి ఉన్నాయి. నాలుగోది తెరిచే ఉంది.

“ఇది మరిచిపోయావా నాయనమ్మా?”

“మరిచిపోలేదురా. కప్పుకునేవాడి పాతగుడ్డ పెట్టి ఆ మూల మూయాలి. అప్పుడే బొంత వాడిదవుతుంది. మీ అన్నలు అడిగితే చెప్పేదాన్ని. అడక్కుండా బజారుకు పరుగెత్తారు.”

సముద్రపు ఒడ్డున ఒక ముసలి తాబేలు వణుకుతూ కనిపించింది. మేఘపాలుడు దానికి బొంత కప్పాడు. ఒళ్ళు వెచ్చబడ్డాక తాబేలు అతణ్ణి వీపున ఎక్కించుకుని ఒక సముద్రం దాటింది, రెండు దాటింది, ఏడూ దాటింది. దారిలో ఒక మాట చెప్పింది. కరకంఠుడు తన ప్రాణాన్ని తీసి చిలకలో దాచుకున్నాడట. ప్రాణం లేని ఒంటికి వెచ్చదనం ఎక్కడిది? ఆ చిలక ఎక్కడుందో మాత్రం ఎవరికీ తెలియదు.

బొంతను చూసి మాంత్రికుడు నవ్వాడు. “మీ అన్నలే నయం. రాజుల్లా వచ్చారు.”

“దీనికి ఇంకొక్క ముక్క కావాలి. నువ్వు వాడి వాడి నలిగిన గుడ్డ ఇవ్వు,” అన్నాడు మేఘపాలుడు.

కరకంఠుడు మూడు పెట్టెలు వెతికాడు. రోజూ మంత్రంతో కొత్తబట్టలు తెచ్చుకునేవాడికి పాతగుడ్డ ఎక్కడ దొరుకుతుంది? బొంతలు కుట్టమని తనకిచ్చిందీ ఈ కొత్తగుడ్డేనని పక్కనే ఉన్న చెంగల్వ గొణిగింది. చివరికి వాడు కిందికి మెట్లు దిగి వెళ్ళి, వెలిసిన నీలిగుడ్డ ఒకటి తెచ్చాడు.

“మా అమ్మ కొంగు,” అన్నాడు.

దానికి ఒక పచ్చటి ఈక అంటుకుని ఉంది. మేఘపాలుడు చూశాడు. చెంగల్వా చూసింది. అతను గుడ్డ పెట్టాడు, ఆమె మూల కుట్టింది. కరకంఠుడు బొంతను మెడదాకా లాక్కుని, ఆ నీలిమూలను గుప్పిట్లో పట్టుకుని, పసివాడిలా నిద్రపోయాడు.

మెట్ల కింద పంజరం, అందులో చిలక. ముసుగుగా కప్పిన కొంగు పోయి వణుకుతోంది. చెంగల్వ దాన్ని పైకి తెచ్చింది.

“మెడ విరిచేద్దామా?”

మేఘపాలుడు ఆ గుప్పిటవైపు చూశాడు. “తలుపు తీద్దాం.”

చిలక ఎగిరి మాంత్రికుడి గుండెమీద వాలి, అందులోకే వెళ్ళిపోయింది. ప్రాణం ఒంట్లోకి రాగానే మంత్రాలు పోయాయి. రాళ్ళు మళ్ళీ అన్నలయ్యాయి. నిద్రలేచినవాడు మామూలు ముసలివాడు.

“ఈ బొంత నాదేనా?”

“నీదే, తాతా.”

అందరూ ఇల్లు చేరారు. మేఘపాలుడికీ చెంగల్వకూ పెళ్ళయింది. వాళ్ళు చాలా ఏళ్ళు రాజ్యం చేశారు. అదంతా తరవాతి సంగతి. పెళ్ళయిన మర్నాడు చెంగల్వ నేలమీద ఒక కొత్త బొంత పరిచింది. మూడు మూలలు కుట్టి ఉన్నాయి.

“ఏదీ, మీ పాత చొక్కా?” అంది.

మేఘపాలుడు నవ్వుతూ పెట్టె తీయడానికి లేచాడు.