పింకీ అడిగిన మూడు మాటలు

అనగనగా అంటే మరీ పాతకాలం కాదమ్మా, ఈమధ్యనే. జీడిపిక్కలు వేయించే వాసన వీధివీధినా వచ్చే ఒక ఊళ్ళో యామిని అని ఒక పిల్ల ఉండేది. నాలుగో తరగతి. వాళ్ళమ్మ కుసుమ జీడిపప్పు ఫ్యాక్టరీలో పనిచేసేది. నాన్న ఆటో నడిపేవాడు. బడి నుంచి వచ్చాక అమ్మ ఇల్లు చేరేదాకా యామినికి తోడు ఇంట్లో ఉన్న పాత ఫోనే. ఊఁ కొడుతున్నావా?

ఆ ఫోన్లో ఒక ఆట ఉండేది. బొమ్మ ఇళ్ళు కట్టాలి, తోటలు వేయాలి. ఆడుతూనే వేరేవాళ్ళతో మెసేజ్‌లు రాసుకోవచ్చు. ఒకరోజు అందులోకి పింకీ వచ్చింది. "నాకు తొమ్మిదేళ్ళు. ఫ్రెండ్స్ అవుదామా?" అంది. యామిని తోటకి బోలెడు గులాబీలు ఇచ్చింది. ఇంట్లో ఆడుకోడానికి ఎవరూ లేని పిల్ల కదా, యామిని మురిసిపోయింది.

అప్పుడు పింకీ, "మీ బడి పేరేంటి?" అని అడిగింది. యామిని చెప్పేసింది.

ఆ తర్వాత, "యూనిఫాంలో నీ ఫోటో పంపవా?" అంది. పంపేసింది.

ఆ తర్వాత మూడోది అడిగింది. "తలుపు వేసుకుని కెమెరా పెట్టు. మీ అమ్మకి చెప్పకు."

యామినికి ఆ మాట నచ్చలేదు. ఎందుకో తనకే తెలీదు. "పెట్టను" అని రాసింది.

వెంటనే పింకీ మాట మారిపోయింది. "పెట్టకపోతే నీ ఫోటో మీ బడిలో అందరికీ పంపుతాను. మీ అమ్మ నిన్ను చావగొడుతుంది" అని వచ్చింది. చిన్నపిల్ల అలా మాట్లాడుతుందా? ఆ పేరు వెనక ఉన్నది పిల్ల కాదమ్మా. ఎవరో ఎదిగిన మగాడు.

పాపం, యామినికి అన్నం సయించలేదు. నాన్న పిలిస్తే ఉలిక్కిపడింది. మర్నాడు బడికి వెళ్ళనని మొండికేసింది. అమ్మ నుదురు తడిమి చూసింది. జ్వరం లేదు.

"ఏమైందే తల్లీ?"

"చెబితే కొట్టవుగా?"

"కొట్టను. చెప్పు."

అప్పుడు యామిని వెక్కివెక్కి ఏడుస్తూ అంతా చెప్పింది. కుసుమ ఫోను తీసుకుని మెసేజ్‌లన్నీ చదివింది. అయినా పిల్లని ఒక్క మాట అనలేదు. ఒళ్ళోకి లాక్కుని, "తప్పు వాడిది, నీది కాదు. నాకు చెప్పి మంచిపని చేశావు" అంది.

నాన్నకి ఒళ్ళు మండిపోయింది. "వాణ్ణి నాలుగు తిట్టి మెసేజ్ పెడతాను" అన్నాడు.

"వద్దండీ. జవాబిస్తే వాడు జారుకుంటాడు. ఏదీ చెరపకుండా పోలీసులకే చూపిద్దాం" అంది కుసుమ.

ముగ్గురూ ఆటోలో స్టేషన్‌కి వెళ్ళారు. అక్కడ ఒక ఆడ ఎస్సై మెసేజ్‌లన్నీ చూసింది. "బడివాళ్ళతో నేను మాట్లాడతాను. నువ్వు ధైర్యంగా వెళ్ళమ్మా" అంది. ఆ తర్వాత నాన్న ఆ పింకీని బ్లాక్ చేశాడు. ఇకమీద ఫోను ముందుగదిలోనే, అందరూ ఉండే వేళలోనే చూడాలని ఇంట్లో అనుకున్నారు.

యామిని బడికి వెళ్ళింది. భోజనాల దగ్గర పక్కపిల్ల రిహానా డబ్బా మూత కూడా తియ్యలేదు.

"ఏంటే?" అంది యామిని.

రిహానా అటూ ఇటూ చూసింది. ఆ తర్వాత గొంతు తగ్గించి, "ఎవరికీ చెప్పకు. ఫోన్లో పింకీ అని ఒకమ్మాయి నన్ను భయపెడుతోంది" అంది.

 యామిని వెంటనే రిహానా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పద, టీచర్‌కి చెబుదాం. నేనూ ఉంటాను" అంది. వద్దు వద్దంటూనే రిహానా లేచింది. టీచర్ రిహానా ఇంటికీ, ఆ ఎస్సైకీ కబురు పెట్టింది.

ఇద్దరి ఫోన్లూ కలిపి చూస్తే పోలీసులకి వాడి ఆచూకీ దొరికింది. పక్క జిల్లాలో పట్టుకున్నారు. వాడి దగ్గర ఇంకా ఎందరో పిల్లల ఫోటోలున్నాయట. వాడు దొరికాడని ఆ పిల్లల ఇళ్ళన్నింటికీ కబురు వెళ్ళింది. ఆ పిల్లలందరూ ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నారు.

కథ కంచి దారి పట్టిందీ,
మన ఇల్లు గడియ పెట్టిందీ,
కునుకు నీ రెప్ప తట్టిందీ,
అమ్మమ్మ దుప్పటి చుట్టిందీ.