తాత కల్వంలో బంగారం

అనగనగా, ఈ అమ్మమ్మకి కూడా రెండు జడలున్న రోజుల్లో, ఒక ఊళ్ళో శేషాచార్యులని ఒక వైద్యుడు ఉండేవాడు. ఆయనకి అలివేలని మనవరాలు. తొమ్మిదేళ్ళది. నీలాగే, చెప్పిన పని తప్ప అన్నీ చేసేది.

తాత బంగారు రేకుల్ని నల్లరాతి కల్వంలో వేసి, ఆకు పసరు పోసి నూరేవాడు. అప్పుడు బిళ్ళలు చేసి పిడకల మంటలో కాల్చేవాడు. ఆ తర్వాత మళ్ళీ నూరేవాడు. ఆ కల్వం చప్పుడుకే వీధి నిద్ర లేచేది. నెలల తరబడి నూరితే, ఇటుక రంగు పొడి మిగిలేది. దాన్నే భస్మం అనేవారు.

దానికి మూడు పరీక్షలు. వేళ్ళకి రాస్తే గీతల్లోకి దూరిపోవాలి. నీళ్ళ మీద చల్లితే తేలాలి. ఎండలో పెడితే మెరవకూడదు. మూడూ నెగ్గాక, ఎవరికైనా ఇచ్చేముందు, తాతే తేనెలో రంగరించి మొదట నాకేవాడు.

ఒక ఏడు తాతకి చెయ్యి నొప్పెట్టింది. ఆఖరి విడత నూరడం అలివేలుకి అప్పజెప్పాడు. మూడు రోజులు బుద్ధిగా నూరింది. నాలుగో రోజు వీధిలో తొక్కుడుబిళ్ళ మొదలైంది. అప్పుడేం చేసిందో తెలుసా? పొయ్యిలో బూడిద తెచ్చి, గడపలకి రాసే జేగురు కలిపి, పల్చటి గుడ్డలో జల్లించేసింది. అసలు బంగారాన్ని బియ్యం డబ్బాలో దాచి, ఆటకి పోయింది.

తాత వేళ్ళకి రాశాడు, గీతల్లో దూరింది. నీళ్ళ మీద చల్లాడు, తేలింది. ఎండలో పెట్టాడు, మెరవలేదు. అప్పుడు తేనె సీసా తీశాడు. అలివేలు పరుగున వచ్చి ఆయన చెయ్యి పట్టుకుంది.

"తాతా, నాకకు. అది పొయ్యిలో బూడిద."

తాత కొట్టలేదు, తిట్టలేదు. ఆ బూడిద వంకే చూస్తూ కూర్చున్నాడు.

"మూడూ నెగ్గిందే," అన్నాడు మెల్లగా. "మరి ఇన్నేళ్ళూ నేనిచ్చిన దాంట్లో బంగారం ఉందో, బూడిదే ఉందో ఎలా తెలియాలే అమ్మడూ?"

ఆ ప్రశ్న తాతని వదల్లేదు. అలివేలుని అసలే వదల్లేదు. ఆ పిల్ల చదివింది, ఇంకా చదివింది, పట్నంలో పెద్ద ప్రయోగశాలలో చేరింది. అక్కడివాళ్ళు కంటికి ఆనని నలుసుల్ని నానో అంటారు. వాటి వీపు మీద మందు ఎక్కించి, రోగమున్న చోటికే నేరుగా పంపాలని చూస్తుంటారు. ఆ నలుసుల్ని చూడ్డానికి బీరువాంత సూక్ష్మదర్శిని ఉంటుంది.

అప్పుడు అలివేలు తాతని రైలెక్కించి తీసుకెళ్ళింది. ఆయనకి ఎనభై దాటాయి. పాత భస్మం సీసాని ఒళ్ళో పెట్టుకుని, దారంతా ఎవర్నీ ముట్టుకోనివ్వలేదు.

చిటికెడు పొడి లోపల పెట్టారు. తెర మీద గుండ్రటి నలుసులు, ఆవాలు ఒలకబోసినట్టు.

"బంగారమేనా?"

"బంగారమే తాతా. నీ వెంట్రుకని నిలువునా వెయ్యి చీలికలు చేస్తే, ఒక్కోటీ ఒక చీలికంత."

"నాకు వెంట్రుకలెక్కడివే? నీది చీల్చుకో."

తాత ముందుకు వంగి, తెర మీది నలుసుల్ని ఒక్కోటీ చూశాడు.

"యాభై ఏళ్ళు నూరాను," అన్నాడు చివరికి. "దీని మొహం ఇవాళ చూశాను."

"ఒంట్లోకెళ్ళి ఏం చేస్తాయో, అది ఇంకా తేలాలి తాతా."

"తేల్చు మరి. నాకేం తొందర లేదు," అని తాత కుర్చీ తెర దగ్గరికి జరుపుకున్నాడు.

కథేమో కంచి దారి పట్టింది,
నిద్రేమో నీ రెప్ప తట్టింది.