గోడ అవతలి దాహం

పెన్న ఒడ్డున విరూపాక్షయ్యగారి వద్ద పదేళ్ళు ఛందస్సూ అలంకారశాస్త్రమూ చదువుకున్న నరహరికి భార్య పోయింది. ఆమె పేరు సూరమ్మ. పదకొండు రోజుల జ్వరం ఆమెను తీసుకుపోయింది. సంవత్సరీకం నాటికి అతడు ఆమెపై ఒక స్మృతికావ్యం ముగించి, బంధువులకూ పండితులకూ చదివి వినిపించాడు.

పండితులు తలలూపారు. ఎవరి కన్నూ చెమర్చలేదు. చివరకు సూరమ్మ తల్లి లేచింది.

"చాలా బాగుంది అల్లుడుగారూ. ఎవరిమీద రాశారు?"

అది ఎత్తిపొడుపైనా అయ్యుంటే బాగుండేదనిపించింది నరహరికి. ఆమె నిజంగానే అడిగింది.

నెల రోజులు అతడు గంటం ముట్టలేదు. తరువాత ఆ కావ్యం రాసిన తాటాకుల కట్టను పట్టుకుని గురువుగారి ఇంటికి వచ్చాడు.

"ఇందులో దోషమేమిటో సెలవివ్వండి. మీకూ కనబడకపోతే దీన్ని ఏటిలో విడిచిపెడతాను. ఇక పద్యం జోలికి పోను."

"చదువు" అన్నారు విరూపాక్షయ్యగారు.

నరహరి వసారాలో కూర్చుని చదవసాగాడు. సూరమ్మ నడకకు హంస వచ్చింది. ముఖానికి పున్నమి వచ్చింది. ఆమె లేని ఇంటికి తామరలు లేని కొలను వచ్చింది. గురువుగారు కళ్ళు మూసుకుని విన్నారు. మెచ్చుకోలేదు, ఆపలేదు. కొంతసేపటికి లేచి గదిలోకి వెళ్ళారు.

"ఆపమంటారా?"

"చదువుతూ ఉండు. లోపలికి వినిపిస్తుంది."

నరహరి మరొక పద్యం ఎత్తుకున్నాడు. రెండో పాదం నడుస్తుండగా గదిలోనుంచి పిలుపు వచ్చింది.

"నరహరీ, దాహమవుతోంది. కాసిని మంచినీళ్ళు."

"వస్తున్నానండీ" అన్నాడు. మిగిలిన పాదాలు చదివి, ఆకు పక్కన పెట్టి, చెంబు ముంచుకుని వెళ్ళాడు.

విరూపాక్షయ్యగారు చాపమీద గోడకు చేరగిలబడి ఉన్నారు. చెంబుకు చెయ్యి చాచలేదు.

"నాలుగో పాదం చక్కగా చదివావు. గోడ ఇవతలికి ప్రతి అక్షరమూ వినిపించింది."

నరహరి గడపలోనే నిలిచిపోయాడు. చెంబులో నీళ్ళు తొణికి అతని కాళ్ళమీద పడ్డాయి.

"సూరమ్మకూ వినిపించి ఉంటుంది" అన్నాడు.

"ఎప్పుడు?" అన్నారు గురువుగారు.

"జ్వరం వచ్చిన పదకొండో రోజు మధ్యాహ్నం. నేను వసారాలో రాసుకుంటున్నాను. నీళ్ళడిగింది. వస్తున్నానన్నాను. నాలుగో పాదంలో యతి కుదరలేదు. రెండుసార్లు మార్చాను. పైకి చదివి చూసుకున్నాను. కుదిరింది. అప్పుడు నీళ్ళు తీసుకుని వెళ్ళాను. అప్పటికే ఊపిరి లేదు."

"మళ్ళీ పిలిచిందా?"

"లేదండీ. నేను రాసుకుంటూ ఉంటే పిలిచేది కాదు, ఎన్నడూ. ఆ ఒక్కసారే పిలిచింది."

"ఏం రాస్తున్నావు?"

"జమీందారుగారి తోటమీద పద్యం. సభలో మళ్ళీ చదివించుకున్నారు."

ఏటిమీది గాలికి వసారాలో తాటాకులు కదిలిన చప్పుడైంది. ఇద్దరూ అటు చూడలేదు.

"ఈ సంగతి ఎవరికైనా చెప్పావా?"

"లేదు."

"కావ్యంలో ఉందా?"

"లేదు."

నరహరి తల ఎత్తకుండానే అడిగాడు.

"ఇది పద్యమవుతుందా అండీ?"

విరూపాక్షయ్యగారు అప్పుడు చెంబు అందుకున్నారు. నీళ్ళన్నీ నిదానంగా తాగి, ఖాళీ చెంబు అతని చేతిలో పెట్టారు.

"అవుతుందో కాదో నేను చెప్పలేను. నువ్వు ఇంతవరకూ చదివినవి మాత్రం పద్యాలు కాలేదు."